బాలతారల సంచయన విస్ఫోటములు : పరారుణ పరిశీలనలు

అప్పుడప్పుడే రూపుదాల్చుచున్న నక్షత్రము తన చుట్టును తిరుగాడు ధూళివాయుచక్రమునుండి పదార్థమును నిదానముగా, సమముగా గైకొనుట మాని, కొన్ని నెలలో, కొన్ని యేండ్లో, ఒక్కొక్కప్పుడు కొన్ని దశాబ్దములో దానిని ఉరవడిగా లోనికి లాగుకొని, ఆ పతనశక్తి వేడిమిగను వెలుగుగను మాఱుటచేత తన మునుపటి కాంతికి పదింతలు మొదలు కొన్ని వందలింతలవఱకు ప్రజ్వలించు ఘట్టమును సంచయన విస్ఫోటమందురు. ఇందు నక్షత్రము పగులదు, నశింపదు. సూపర్‌నోవా తార యొక్క అవసానమైనచో, ఇది దాని శైశవములోని పెరుగుదలకు సంబంధించిన సంఘటన. ఇట్టి సంఘటనలలో పెక్కు దట్టమైన ధూళిమేఘముల గర్భమునందు జరుగును గనుక కంటికి గాని, సామాన్యపు ఛాయాగ్రహణమునకు గాని చిక్కవు. వానిని మనకు పట్టి యిచ్చినది పరారుణకాంతి. నక్షత్రజననమును గూర్చి గత నలువదేండ్లలో మాఱిన అభిప్రాయములలో ముఖ్యమైనది, తారలు తమ ద్రవ్యరాశిలో గణనీయమైన భాగమును ఇట్టి విజృంభణములలోనే సంపాదించుకొనుచున్నవేమో యను భావము, ఈ పరారుణపరిశీలనల ఫలమే.

ఈ జాతికంతటికిని మూలమైన తార తెలుగువారికి చిరపరిచితమైన చోటనే యున్నది. పంచాంగములలో మృగశిర యని పేర్కొనబడు మూడు చిన్న చుక్కలలో ఎక్కువ వెలుగు గల దానికి, పాశ్చాత్యులు లాంబ్డా ఓరియానిస్ అను దానికి, తూర్పున మూడంశలకు లోపుగా, బార్నార్డ్ 35 అను నల్లని ధూళిమేఘమునంటి ఎఫ్‌యూ ఓరియానిస్ అను తార కలదు. జూను నెలలో సూర్యుడు ఈ చుక్కల దెసకు వచ్చినప్పుడే మృగశిర కార్తె. తెలంగాణములోని సంగారెడ్డి జిల్లా నారాయణఖేడు ప్రాంతపు రైతులు తొలకరికి ఎదురుచూచి కంది, పెసర, పత్తి విత్తుకొను దినములవి. ఆ దినములలో ఎఫ్‌యూ ఓరియానిస్ సూర్యతేజములో మునిగి యుండును గనుక దాని కాంతిచరిత్రను గీచిన పటములలో ఏటేటను ఆ యెడ ఖాళీయే కనబడును. మరల పుష్యమాఘముల రాత్రులలో, 18 అంశల ఉత్తర అక్షాంశమున నున్న నారాయణఖేడునుండి చూచువారికి అది ఇంచుమించు నడినెత్తికి, క్షితిజమునకు 81 అంశల ఎత్తునకు వచ్చి, చిన్న దూరదర్శినికి సైతము చిక్కును.

తారల వెలుగును కొలుచు తరగతులలో సంఖ్య పెరిగిన కొలది వెలుగు తగ్గును. 1936వ సంవత్సరమునకు పూర్వము ఈ తార 16వ తరగతికి చెందిన అత్యల్పపు వెలుగుచుక్క. ఆ యేట మొదలై సుమారొక సంవత్సరకాలములో అది ఆఱు తరగతులు పెరిగి, అనగా 250 రెట్లు ప్రకాశించి, పదవ తరగతికి చేరువైనది. జర్మనీలోని హాంబర్గు వేధశాలకు చెందిన వాఖ్‌మన్ దీనిని గుర్తించి ప్రకటించెను. నోవా తారలైనచో ఇట్లు వెలిగిన పిదప కొన్ని నెలలలో క్షీణించిపోవును. ఇదియో, ఎనుబది యేండ్లు గడచినను, ఏటికొక తరగతిలో నూఱవ వంతుకు కొంచెము మించిన లెక్కన, అతి మందముగా మాత్రమే తగ్గుచు వచ్చినది. ముప్పదియేండ్లపాటు దీనికి తోడుపుట్టువే లేనట్లుండెను. 1966లో అమెరికాలోని లిక్ వేధశాల ఖగోళజ్ఞుడు జార్జి హెర్బిగ్ దీనిని బాలతార జీవితములోని ఘట్టముగా విమర్శించి వ్రాసిన తరువాత, 1969-70లో హంసమండలములోని వీ1057 సిగ్నీ అను తార అదే తీరున ప్రజ్వలించినది. దీని విశేషమేమనగా, విస్ఫోటమునకు పూర్వమే తీయబడిన దీని వర్ణపటమొకటి దొరకినది; అందు టీ టౌరీ జాతి బాలతారల చిహ్నములు స్పష్టముగా నుండెను. సందేహము తీరినది. ఆర్మేనియా దేశీయుడైన అంబార్ట్‌సుమియాన్ 1971లో ఈ వర్గమునకు ఫ్యూఆర్ అను పేరు పెట్టెను. కొలది నెలలో, ఒకటి రెండేండ్లో వెలిగి పూర్వస్థితికి తిరిగివచ్చుచు, మరల మరల అట్లే చేయు చిన్న విస్ఫోటముల వర్గమును హెర్బిగ్ 1989లో ఈఎక్స్ లూపీ తార పేర ఎక్సార్ అనెను. ఈ రెండు గడులకును సరిగా ఒదుగని తారలు ఇటీవలి కాలమున ఎన్నియో బయటపడుటచేత ఈ విభజన నేడు వెనుకటివలె గట్టిగా నిలుచుట లేదు.

ఇక పరారుణమే యేల యను ప్రశ్న. వేడిమి గల ప్రతి వస్తువును కాంతిని వెలువరించును. చల్లనిదైన కొలది ఆ కాంతి యొక్క తరంగదైర్ఘ్యము పెరుగును. ఇంచుమించు 5800 డిగ్రీల సూర్యతలము అర మైక్రాను చెంతను, 1000 డిగ్రీల ధూళి మూడు మైక్రానుల చెంతను, 30 కెల్విను మాత్రమే యున్న శీతలమేఘము నూఱు మైక్రానుల చెంతను అధికముగా వెలుగును. బాలతార చుట్టునున్న చక్రములో తార కానుకొని కొన్ని వేల డిగ్రీలు మొదలు, అంచున కొన్ని పదుల కెల్వినులవఱకు అన్ని మెట్లును గలవు; కావున దానిని సంపూర్ణముగా తెలిసికొనవలెనన్నచో ఒకటి మొదలు కొన్ని వందల మైక్రానులవఱకు గల పట్టీనంతయు పరిశీలింపక తప్పదు. రెండవ హేతువు ధూళి. అది నీలికాంతిని మిక్కిలిగా అడ్డగించును. తరంగము పొడుగైన కొలది దాని అడ్డు తగ్గుచు పోవును. దృశ్యకాంతిని పది తరగతులు, అనగా పదివేల రెట్లు, మాపివేయు ధూళితెర 2.2 మైక్రానుల కాంతిని ఇంచుమించు ఒక్క తరగతి మాత్రమే తగ్గించును. తార ఎంత పసిదైన అంత దట్టమైన పొత్తిళ్ళలో నుండును గనుక, ఎంత వెనుకటి దశను చూడగోరుదుమో అంత పొడుగు తరంగములకు పోవలసి వచ్చును.

చక్రము యొక్క సత్యమును ఋజువు చేసినదియు పరారుణవర్ణపటమే. విస్ఫోటమందున్న ఫ్యూఆర్ తారను దృశ్యకాంతిలో పరీక్షించినచో అది సూర్యునికంటె కొంచెము వేడియైన బృహత్తారవలె కనబడును. అదే తారను రెండు మైక్రానుల దగ్గర పరీక్షించినచో, 2.3 మైక్రానులకడ కార్బన్ మోనాక్సైడు పట్టీలును, నీటియావిరి పట్టీలును శోషణరూపమున లోతుగా తోచి, చల్లని ఎఱ్ఱని మహాతారవలె అగపడును. ఒకే తార రెండు తారలవలె కనబడుట యెట్లు? 1980 దశకమున లీ హార్ట్‌మన్, స్కాట్ కెన్యన్ అను ఇరువురు దీనికి చెప్పిన సమాధానము నేటికిని నిలిచియున్నది: మనము చూచుచున్న వెలుగు తారది కాదు, చక్రముది. దాని లోపలి వలయములు వేడివి, దృశ్యకాంతి నిచ్చును. వెలుపలి వలయములు చల్లనివి, పరారుణము నిచ్చును. ఈ భావము సత్యమైనచో లోపలి వలయములు వేగముగను, వెలుపలివి మెల్లగను తిరుగవలెను. సూర్యునకు సమీపమైన బుధుడు వడిగను, దూరమైన శని మందముగను తిరుగుచున్నది ఈ నియమముచేతనే. వర్ణరేఖల వెడల్పును కొలిచి చూడగా దృశ్యరేఖలకంటె పరారుణరేఖలు నిజముగనే తక్కువ వేగమును చూపినవి. ఖగోళశాస్త్రమున ఇంతటి సూటియైన ఋజువులు తఱచు లభింపవు. ఎక్సార్ వర్గమునందైతే అదే కార్బన్ మోనాక్సైడు పట్టీ విస్ఫోటకాలమున ఉద్గారరూపమున, వెలుగుగీతలుగ వచ్చును; అచ్చట చక్రము నడిమి భాగము కాగుటకు మాఱుగా పైపొర వేడెక్కుచున్నదని దీని యర్థము.

పరిమాణములను తలచినచో విషయము విశదమగును. సామాన్యమైన టీ టౌరీ తార ఏడాదికి సూర్యద్రవ్యరాశిలో పదికోట్లవ వంతు చొప్పున పదార్థమును గ్రహించును. ఫ్యూఆర్ విస్ఫోటమున ఆ గ్రహణము పదివేలవ వంతువఱకు, అనగా పదివేల రెట్లు, పెరుగును. ఆ వేగము నూఱేండ్లు సాగినచో తారలో చేరిన రాశి సూర్యునిలో నూఱవ వంతు, సుమారు పది గురుగ్రహములకు సమానము. ఒక మనుష్యుని జీవితకాలములో పది గురుగ్రహముల బరువు ఒక తారపై పడుట యనునది, లక్షలయేండ్ల మెట్లపై నడచునని మనమనుకొను నక్షత్రపరిణామమున ఎంతటి ఆశ్చర్యకరమైన సంగతియో చెప్పనక్కఱలేదు.

దక్షిణాపథమునకు ఈ శాస్త్రముతో గల సంబంధము ఆకాశమార్గమున వచ్చినది. భూమినుండి చూచువారికి పరారుణములో అన్నిటికంటె పెద్ద అడ్డంకి గాలిలోని నీటియావిరి. రెండున్నర మైక్రానులలోపు కొన్ని కిటికీలు తెఱచియుండును గాని, నూఱు రెండువందల మైక్రానుల దూరపరారుణము నేలవఱకు రానే రాదు. కావున పరికరమునే ఆ యావిరికి పైకెత్తవలెను. హైదరాబాదులో ఈసీఐఎల్ చెంత టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969 నుండి శాశ్వతముగా నెలకొని యున్నది. ఆరంభమున ఇది విశ్వకిరణముల పరిశోధనకు ఉద్దేశింపబడినది. భూఅయస్కాంతమధ్యరేఖకు దగ్గఱగా నుండుటచేత అట్టి పరిశోధనకు హైదరాబాదు అనువైన చోటు. 1980 దశకము మొదలు ఇచ్చటినుండి నూఱు సెంటీమీటర్ల అద్దము గల దూరపరారుణ దూరదర్శిని యొకటి పలుమార్లు పైకి పంపబడినది. అతి పలుచని ప్లాస్టికు పొరలను అతికి చేసిన బృహద్గోళమును ఉదజనితో నింపి, రాత్రివేళ వదలగా, అది ముప్పది కిలోమీటర్ల ఎత్తున, వాతావరణములో నూటికి 99 వంతులు క్రిందుగా వదలిపెట్టి తేలుచుండును. దూరదర్శిని చూపుకొననుండు గ్రాహకములు పండ్రెండు బోలోమీటర్లు. వానిని ద్రవ హీలియం-3 సాయమున కేవల శూన్యమునకు 0.3 డిగ్రీల దాపునకు చల్లార్చుదురు. ఇవి సుమారు 150, 210 మైక్రానుల రెండు పట్టీలలో ఒకే తావును ఒకే క్షణమున కొలుచును గనుక, రెంటి నిష్పత్తినుండి ధూళి యొక్క ఉష్ణోగ్రత నేరుగా తేలును. దాని చూపు వాడి ఇంచుమించు ఒకటిన్నర కళ, అనగా అంశలో నలువదవ వంతు.

పని ముగిసిన పిదప భూమినుండి పంపిన సంకేతముతో బెలూనుకును పరికరమునకును గల బంధమును త్రెంపగా, పరికరము పారాచూటుపై దిగును. ఎచ్చట దిగునన్నది గాలి నిర్ణయించును. కేంద్రమువారు ఋతువారంభమున వెలువరించు బహిరంగప్రకటనలలో విశాఖపట్టణము, హైదరాబాదు, షోలాపూరులను కలుపు రేఖకు ఇరువైపుల గల జిల్లాల పేర్లుండును. వానిలో సంగారెడ్డియు, దాని పొరుగున నున్న బీదరు, నాందేడులును గలవు. మంజీరకు సమీపమున, మూడు రాష్ట్రముల పొలిమేరలు కలియు చోటికి చేరువనున్న నారాయణఖేడు ఈ మూడు జిల్లాల సందున నుండుటచేత, అవతరణక్షేత్రములో నున్నట్లే లెక్క. పొలములో పారాచూటును, దానికి పొడుగాటి త్రాటితో కట్టిన పెట్టెలును కనబడినచో వానిని విప్పరాదనియు, కదల్పరాదనియు, కొన్నింటిలో అధికవిద్యుత్పీడనము ఉండవచ్చుననియు, దగ్గఱి పోలీసుస్టేషనుకో తపాలా కార్యాలయమునకో జిల్లా అధికారులకో తెలుపవలెననియు, తెలిపినవారికి తగిన బహుమానమును ఖర్చులును ముట్టుననియు ఆ ప్రకటన సారాంశము. 2022 డిసెంబరులో ఈ కేంద్రమునుండి ఎగిరిన ఒక పెద్ద పెట్టె పొరుగుననున్న వికారాబాదు జిల్లాలో పొలములో దిగగా చుట్టుపట్ల గ్రామస్థులు గుంపులుగా చూడవచ్చిరి. అది నక్షత్రపరిశీలనకు సంబంధించినది కాదు, అంతరిక్షవిహారమునకు ఉద్దేశించిన గుల్లకు పరీక్ష; అయినను ఈ పల్లెలకు పైనుండి ఏమి రాగలదో లోకమునకు తెలిపినది. పైన చెప్పిన దూరదర్శినిలోని ఒకే అద్దము, ఒకే గ్రాహకము మరల మరల ఎగురగలిగినవన్నచో, అవి పొలములలో చెక్కుచెదరక దొరకుటయు, వానిని తాకక కావలియున్న పల్లెవాసుల సహకారమును అందు భాగమే. శాస్త్రగ్రంథములలో దీనిని గూర్చి ఒక వాక్యమైనను ఉండదు. ఉండవలెనని నా యభిప్రాయము.

ఈ బెలూను దూరదర్శిని ఓరియాన్ మండలములోని మేఘములను కొలిచి, అచ్చటి శీతలధూళి పటములను తయారు చేసినది. 1999 నుండి జపాను శాస్త్రజ్ఞుల వర్ణపటయంత్రముతో అదే ఓరియాన్ మేఘమున 157.74 మైక్రానుల అయనీకృత కార్బను రేఖ యొక్క విస్తృతపటము సిద్ధమైనది. ఒక రాత్రి ఎగిరి తెల్లవాఱుజామున దిగిపోవు బెలూను విస్ఫోటమును వెన్నాడజాలదు, నిజమే; విస్ఫోటమును పట్టుటకు ఒకే తారను ఏండ్ల తరబడి చూచుచుండవలెను. కాని ఆ విస్ఫోటములు జరుగు గర్భగృహములలో ఎంత ధూళి యున్నదో, అది ఎంత చల్లనిదో, తారలనుండి గ్రహించిన శక్తిని మొత్తముగా ఎంత తిరిగి వెదజల్లుచున్నదో దూరపరారుణము తప్ప మఱేదియు చెప్పలేదు. దేవేంద్ర ఓఝా, స్వర్ణకాంతి ఘోష్ మున్నగు టాటా సంస్థవారు బెలూనుతో అలవఱచుకొన్న పరారుణవిద్యను పిమ్మట భూమిపైని దూరదర్శినులకును తీసికొనిపోయి, అచ్చట విస్ఫోటములను ఎదుర్కొనిరి.

అందు మొదటి ముఖ్యసందర్భము మెక్‌నీల్ నీహారిక. 2004 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జే మెక్‌నీల్ అను అభిరుచిపరుడు తన ఇంటి యావరణలో మూడంగుళముల చిన్న దూరదర్శినితో ఓరియాన్ మండలములోని ఎం78 నీహారిక పరిసరములను చిత్రించి, పూర్వచిత్రములతో పోల్చగా, ఎన్నడును లేని విసనకఱ్ఱవంటి నీహారిక యొకటి కొత్తగా కనబడినది. దాని మొన వద్ద నున్న మఱుగుతార, నేడు వీ1647 ఓరియానిస్ అనబడునది, 2003 చివర విస్ఫోటము చెంది చుట్టునున్న ధూళిని వెలిగించుటయే యిందుకు కారణము. సమీపపరారుణములో మూడు తరగతులు పెరిగినది. వార్త వెలువడిన కొలది వారములలోనే, అనగా 2004 ఫిబ్రవరి నుండి, లడఖ్‌లోని హాన్లే యందలి రెండు మీటర్ల హిమాలయ చంద్ర దూరదర్శినియు, మౌంట్ ఆబూపైని 1.2 మీటర్ల దూరదర్శినియు దీనివైపు తిరిగినవి. 2005 డిసెంబరువఱకు సాగిన ఆ పరిశీలనలో ఓఝాయు సహచరులును, ఆ తార దృశ్యకాంతిలో మూడు తరగతులకు పైగా సన్నగిల్లినట్లు చూపిరి. అంతటితో కథ ముగిసినదనుకొనునంతలో, 2008లో అది మరల వెలిగినది. ఈ మాఱు జో నినన్, ఓఝా మున్నగువారు 2008 సెప్టెంబరు నుండి 2013 మార్చివఱకు, హాన్లేయందును పూనా సమీపమున గిరావళియందును, 124 రాత్రులు దాని కాంతిని కొలిచి, ఏడాదికి 0.04 తరగతి చొప్పున మాత్రమే, మునుపటి విస్ఫోటపు ఇట్టి దశకంటె ఆఱింతలు మెల్లగా, అది తగ్గుచున్నదని తేల్చిరి. ఒకే తార, ఒకే చక్రము, అయిదేండ్ల యెడముతో రెండు విస్ఫోటములు, రెండును వేర్వేఱు తీరులు: ఫ్యూఆర్, ఎక్సార్ అను గడులు సరిపోవని పైన చెప్పినదానికి ఇదియే గట్టి నిదర్శనము. నూటయిరువదినాలుగు రాత్రుల ఓపిక లేకున్న ఈ సంగతి తెలిసెడిది కాదు.

హాన్లే సముద్రమట్టమునకు 4500 మీటర్ల ఎత్తున, హిమాలయపు వానచాటున నున్న చలి యెడారి. గాలిలో తడి అత్యల్పము గనుక పరారుణమునకు దేశములో అంతకు మించిన తావు లేదనవచ్చును. దూరదర్శినిని బెంగుళూరు చెంతనున్న హోస్కోటెనుండి ఉపగ్రహముద్వారా నడుపుదురు. 2013లో టాటా సంస్థవారు నిర్మించిన టిర్‌స్పెక్ అను యంత్రము దానికి అమర్పబడినది. ఒకటి మొదలు రెండున్నర మైక్రానులవఱకు చిత్రములను, వర్ణపటములను రెంటిని తీయును. ఇందులకు తోబుట్టువైన టాన్‌స్పెక్ 2019లో కుమావూను కొండలలో దేవస్థలమునందలి 3.6 మీటర్ల దూరదర్శినికి చేరినది, 0.55 మొదలు 2.5 మైక్రానులవఱకు ఒకేమాఱు గ్రహించుట దాని ప్రత్యేకత. దృశ్యకాంతిలోని హైడ్రోజను రేఖలును, పరారుణములోని కార్బన్ మోనాక్సైడు పట్టీలును ఒకే ముహూర్తమున లభించుటవలన, తారపై పడుచున్న పదార్థమును, తారనుండి ఎగసిపోవుచున్న గాలిని ఏకకాలమున సరిపోల్చ వీలగును.

వీ899 మోన్ అను తారపై 2015లో వెలువడిన నినన్ మున్నగువారి పరిశోధన ఇచ్చట పేర్కొనదగినది. ఆ తార విస్ఫోటమునందుండగా, 2011లో ఏడాది కంటె తక్కువకాలము శాంతించి, మరల విజృంభించినది. శాంతించుటకు కొంచెము ముందు దానినుండి ప్రబలమైన వాయుప్రవాహము వెలికి చిమ్మినట్లు వర్ణపటములు చూపినవి. చక్రమున పదార్థపు నిల్వ ఏడాదిలో ఎండిపోయి మరల నిండుట అసంభవము. కావున ఆ తాత్కాలికవిరామమునకు కారణము తార చెంతనున్న అయస్కాంతక్షేత్రము వద్ద ఏర్పడిన అస్థిరతయే కావలెనని వారు ఊహించిరి. విస్ఫోటము ఆగునట్టి క్షణమును ఇంత దగ్గఱగా చూచిన సందర్భములు చాల తక్కువ.

ఈ విస్ఫోటములకు శాస్త్రమున ఇంతటి ప్రాధాన్యము కలుగుటకు వేఱొక మూలము గలదు. 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహము పదినెలలలో ఆకాశములో నూటికి 96 వంతులను 12, 25, 60, 100 మైక్రానులలో సర్వే చేసినప్పుడు వృషభమండలపు మేఘములలో మఱుగున నున్న ప్రాక్తారలు, అనగా ఇంకను పూర్తిగా రూపొందని తారలు, ఎన్నియో బయటపడినవి. సూర్యునివంటి తార కొన్ని లక్షల యేండ్లలో తన రాశిని కూడబెట్టవలెనన్నచో, ఆ పతనశక్తివలన దాని ప్రకాశము సగటున ఇంత యుండవలెనని లెక్క వేయవచ్చును. 1990లో కెన్యన్ మున్నగువారు ఆ లెక్కతో పోల్చి చూడగా ఈ ప్రాక్తారలు పదింతలు మసకగా నున్నవి. శక్తి ఎచ్చటికి పోయినది? తార తన కాలమునంతయు కొంచెముకొంచెముగా తిని, ఏదో యొక అల్పకాలమున మాత్రము మితిమీఱి భుజించుచున్నదనుకొన్నచో, ఏదైన ఒక దినమున మనము చూచు తారలలో అత్యధికము మసకదశలోనే యుండును గదా! ఈ సమాధానము సొగసైనదే గాని, సర్వమును దీనిపైనే మోపుట తగదని నాకు తోచును. శైశవము మనమనుకొన్నదానికంటె దీర్ఘమైనను, గ్రహణము కాలక్రమమున నిదానముగా తగ్గుచు వచ్చినను ఆ కొఱతలో కొంత తీరును. విస్ఫోటములు ఎంత తఱచుగా వచ్చునో లెక్కించుటయే నిర్ణాయకము. ఆ లెక్క పరారుణసర్వేలవలననే సాధ్యము.

స్పిట్జర్ అంతరిక్షదూరదర్శిని 2004, 2008 సంవత్సరములలో తీసిన ఓరియాన్ చిత్రములను పోల్చి, 2015లో హాప్స్ 383 అను ప్రాక్తార 24 మైక్రానులలో 35 రెట్లు పెరిగినదని కనుగొనిరి. నక్షత్రశైశవపు మొట్టమొదటి దశయైన శూన్యవర్గమునకు చెందిన తారలో విస్ఫోటము కనబడుట అదియే ప్రథమము. దృశ్యకాంతిలో దాని జాడయే లేదు. చిలీలోని విస్టా దూరదర్శినితో 2010లో ఆరంభమైన వీవీవీ సర్వే పాలపుంత నడిమి తలమును 2.2 మైక్రానులలో మాటిమాటికి చిత్రింపగా, ఒక తరగతికి మించి కాంతి మాఱు తారలు 800కు పైగా దొరకినవి. వానిలో సగము బాలతారలేనని 2017 నాటి విశ్లేషణ. రాశి మిక్కుటమైన తారలకును ఈ లక్షణము కలదని తెలియుటకు మఱి కొంత కాలము పట్టినది. 2015లో మిథున ఓరియానుల సరిహద్దుననున్న ఎస్255 మేఘమున, సూర్యునికి ఇరువదింతల రాశి గల తారవద్ద మెథనాలు అణువులు మేసరు రీతిని, అనగా లేజరువలె ఉధృతముగా, వెలువరించు రేడియోకాంతి హఠాత్తుగా పెరుగుట గుర్తించి పరారుణ దూరదర్శినులను అటు త్రిప్పగా విస్ఫోటము పట్టుబడినది. చిన్న తారలును పెద్ద తారలును ఒకే తీరున, చక్రము ద్వారమున, పెరుగునను సిద్ధాంతమునకు అది పెట్టని సాక్ష్యము.

విస్ఫోటము ఎచ్చట మొదలగునను ప్రశ్నకు గైయా17బీపీఐ అను తార కొంత వెలుగు చూపినది. గైయా ఉపగ్రహము దాని దృశ్యకాంతి పెరిగినట్లు తెలిపిన తరువాత, నియోవైజ్ ఉపగ్రహము 3.4, 4.6 మైక్రానులలో ఆఱు నెలలకొకమాఱు తీసియుంచిన కొలతలను తిరిగి చూడగా, పరారుణపు పెరుగుదల అంతకు ఏడాదికి పైగా ముందే మొదలైనది. చల్లని వెలుపలి వలయమున ఉద్భవించిన అలజడి లోనికి పాకివచ్చి, తార చెంత చేరిన పిమ్మట దృశ్యకాంతిగా బయటపడినదన్నమాట. ఇట్లు వెలుపలినుండి లోనికి నడచుటకు కారణమేమనుటలో పండితులు ఏకాభిప్రాయులు కారు. చక్రములో పోగుపడిన హైడ్రోజను ఒక మేరకు వేడెక్కి అయనీకృతమైనంతనే జిగట పెరిగి కట్ట తెగినట్లు లోనికి దొరలుననునది ఒక వాదము. చక్రము తన బరువుచేత తానే గడ్డకట్టి, ఆ గడ్డలు ఒకటొకటిగా తారలో పడుననునది వోరోబియోవ్, బాసులు 2005లో ప్రతిపాదించినది. జంటతార దగ్గఱకు వచ్చి చక్రమును కలచుననునది మూడవది. ఎఫ్‌యూ ఓరియానిస్‌కు జంట యున్నట్లు 2004లో తెలిసినది గాని, వీ1647 ఓరియానిస్ వంటివానికి ఈ వివరణ అనివార్యము కాదు. అన్నిటికి ఒకే కారణము వెదకుటకంటె, అల్పకాలవ్యవధి గలవానిని వేఱుగను, దశాబ్దముల తరబడి వెలుగువానిని వేఱుగను విచారించుట మేలు.

ఈ ప్రజ్వలనము గ్రహములకు జన్మస్థానమైన చక్రముపై వేయు ముద్రయు పరారుణమునందే తెలియును. 2008లో ఈఎక్స్ లూపీ విస్ఫోటముచెందినప్పుడు స్పిట్జర్ దూరదర్శిని పది మైక్రానుల చెంత ఫోర్‌స్టరైటు అను సిలికేటు స్ఫటికముల గుర్తులను చూపినది. విస్ఫోటమునకు పూర్వము తీసిన వర్ణపటములో అవి లేవు. ఆకారరహితమైన ధూళి వెయ్యి డిగ్రీల మేరకు కాగి, కొన్ని నెలలలో స్ఫటికమైనదని 2009లో అబ్రహాం మున్నగువారు నిర్ణయించిరి. మన సౌరమండలపు తోకచుక్కలలో, ఎన్నడును వేడి యెఱుగని మంచు నడుమ, ఇట్టి స్ఫటికములు ఎట్లు చేరినవన్న చిరకాలప్రశ్నకు ఇది ఒక సమాధానము. ఓరియాన్‌లోని మఱియొక విస్ఫోటతార వీ883 ఓరియానిస్ చుట్టు నీరు మంచుగట్టు హద్దు, సామాన్యముగా భూమ్యర్కదూరమునకు కొన్ని రెట్లలోపు ఉండవలసినది, 40 రెట్ల దూరమునకు తొలగినట్లు 2016లో ఆల్మా రేడియో దూరదర్శిని పరిశీలనలవలన తేలినది. నీరు ఎక్కడ మంచుగను, ఎక్కడ ఆవిరిగను ఉండునో దానినిబట్టి ఏ గ్రహమునకు ఎంత నీరు దక్కునో నిర్ణయమగును గనుక, సూర్యుడును బాల్యమున ఇట్లు ప్రజ్వలించి యుండినచో, భూమికి నీరు దక్కిన తీరును మరల ఆలోచింపవలసియుండును.

పదేండ్లకు పైగా ఆకాశమునంతయు ఆఱు నెలలకొకమాఱు కొలిచిన నియోవైజ్ 2024 ఆగస్టులో విరమించుటతో, ఈ రంగమునకు ఆధారమైన కాలశ్రేణి తెగినది. 2025 మార్చిలో ఎగిరిన స్ఫియరెక్స్ ఉపగ్రహము 0.75 నుండి అయిదు మైక్రానులవఱకు ఆకాశమునంతయు వర్ణపటములుగా విడదీసి చూచుచున్నది. అది కొంత లోటు తీర్చును గాని దాని నియతకాలము రెండేండ్లే. అట్టి అంతరములలో భూమిపైని రెండు, మూడు మీటర్ల దూరదర్శినుల పనికి విలువ పెరుగును. రేఖాంశరీత్యా చూచినచో, చిలీకిని హవాయికిని ఎడముగా నున్న హాన్లే, దేవస్థలములు, ఆ రెండు చోట్లను పగలుండు వేళ రాత్రియై, తెగిన కొలతలను కలుపగలవు. దేవస్థలమున ఆషాఢశ్రావణభాద్రపదముల వానలు పని నిలుపును. హాన్లేయందు ఆ నెలలలోను కొన్ని రాత్రులు తెఱపియిచ్చును. ఓరియాన్ మేఘములు ఉత్తరవేసవిలో సూర్యుని చాటున నున్న వారములను మాత్రము భూమిపై ఏ చోటనున్న దూరదర్శినియు పూరింపజాలదు. వీ1647 ఓరియానిస్ వంటి తార మృగశిర కార్తెలో మరల వెలిగినచో, దాని ఆరంభమును అంతరిక్షమునందలి పరారుణగ్రాహకములే పట్టవలసియుండును. సూర్యునికి సమీపముగా చూపు త్రిప్పుటలో వానికిని తమతమ హద్దులు గలవు.